గొంతు నొప్పి గుండె దాకా పోకుండా: బడి పిల్లల్లో స్ట్రెప్ ఇన్ఫెక్షన్ చిక్కులను ఆపే పద్ధతి

స్ట్రెప్ గొంతు నొప్పితో వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, అది దానంతటదే తగ్గిపోతుంది. మందు వేసినా వేయకపోయినా నాలుగైదు రోజుల్లో జ్వరం దిగుతుంది. వారం తిరిగేసరికి పిల్లవాడు బడికి పోతాడు, ఆడుకుంటాడు. ఇంట్లో అందరూ ఆ సంగతి మరిచిపోయాక, రెండు మూడు వారాలకు, ఒక పొద్దున మోకాలు వాచి మంచం దిగలేకపోతాడు. లేదా కళ్లు ఉబ్బి, మూత్రం డికాషన్ రంగులో పోస్తాడు. మొన్నటి గొంతు నొప్పికీ దీనికీ సంబంధం ఉందని అప్పటికి ఎవరికీ తట్టదు.

ఈ క్రిమి పేరు గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల గొంతు దీనికి ఇష్టమైన చోటు. గుండెను పాడు చేసేది నేరుగా ఈ క్రిమి కాదు. దాన్ని చంపడానికి ఒంట్లో పుట్టిన రక్షణ వ్యవస్థే పొరపాటుపడి గుండె కవాటాల మీద, కీళ్ల మీద, మెదడులో కొన్ని భాగాల మీద విరుచుకుపడుతుంది. దీన్నే రుమాటిక్ ఫీవర్, కీళ్లవాత జ్వరం అంటారు. కీళ్లు మచ్చ కూడా మిగలకుండా మానిపోతాయి. కవాటాలు అలా కాదు. కీళ్లను నాకి, గుండెను కరిచే జబ్బు అని పాతకాలపు వైద్యులు ఊరికే అనలేదు.

దీన్ని ఆపడానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. మూడు లెక్కలు తప్పకపోతే చాలు. గొంతు నొప్పి మొదలైన 9 రోజుల్లోపు సరైన మందు పడాలి. ఆ మందు 10 రోజులూ నడవాలి. ఒకసారి రుమాటిక్ ఫీవర్ వచ్చిన బిడ్డకు ప్రతి 21 రోజులకూ ఇంజెక్షన్ పడాలి. జబ్బు ముదిరిన పిల్లల కాగితాలు తిరగేస్తే, ఈ మూడింటిలో ఏదో ఒక లెక్క ఎక్కడో తప్పి ఉంటుంది.

ఏ గొంతు నొప్పిని పట్టించుకోవాలి

పిల్లల గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌లవే. పది మందిలో ఇద్దరు ముగ్గురివే స్ట్రెప్. కాబట్టి ప్రతి గొంతు నొప్పికీ యాంటీబయాటిక్ పోయడమూ తప్పే, అన్నీ జలుబు కిందే కొట్టేయడమూ తప్పే.

గొంతు చూడటం ఇంట్లోనే నేర్చుకోవచ్చు. పిల్లవాణ్ని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, తల కాస్త వెనక్కి వాల్చి, సెల్‌ఫోన్ టార్చి వేయండి. స్పూను కాడతో నాలుక ముందు సగాన్నే నొక్కి గట్టిగా ‘ఆ’ అనమనండి. నాలుక వెనక భాగం నొక్కితే ఓకరింత వస్తుంది, రెండోసారి నోరు తెరవడు. టాన్సిల్స్ ఎర్రగా వాచి, వాటి మీద తెల్లటి చీము చుక్కలు ఉన్నాయా, అంగిట్లో ఎర్రని సన్న చుక్కలు ఉన్నాయా చూడండి. తర్వాత దవడ ఎముక కింద, మెడ ముందు భాగంలో వేళ్లతో తడమండి. బిళ్లలు కట్టి, ముట్టుకుంటే ‘అమ్మా’ అంటున్నాడా అన్నది ముఖ్యం.

స్ట్రెప్ అయితే ఉన్నట్టుండి మొదలవుతుంది. పొద్దున బాగానే ఉన్నవాడు సాయంత్రానికి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటిన జ్వరంతో వస్తాడు. మింగుడు పడదు, తలనొప్పి, చిన్నపిల్లలైతే కడుపునొప్పి, వాంతి కూడా. దగ్గు ఉండదు, ముక్కు కారదు. ఒంటి మీద గరుకు కాగితంలా చేతికి తగిలే ఎర్రటి దద్దు, నాలుక స్ట్రాబెర్రీలా ఎర్రబడటం కనిపిస్తే అది స్కార్లెట్ ఫీవర్. అదీ ఈ క్రిమిదే, దానికీ ఇదే మందు. దగ్గు, ముక్కు కారడం, గొంతు బొంగురుపోవడం, కళ్లకలక, నోటిపూత, విరేచనాలు, వీటిలో రెండు మూడు కలిసి ఉంటే మాత్రం అది వైరస్ వైపే మొగ్గు.

నోరు తెరవలేక చొంగ కారుస్తున్నా, ఊపిరి తీస్తుంటే గుర్రుమన్నా గొంతులో స్పూను పెట్టొద్దు. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పరీక్ష చేయించే వీలుంటే గొంతు స్వాబ్ కల్చర్ మేలు, అంటే దూది పుల్లతో గొంతు తుడిచి, ల్యాబులో క్రిమి పెరుగుతుందేమో చూడటం. ఫలితానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. 9 రోజుల గడువు ఉంది కాబట్టి ఈ ఆలస్యంతో నష్టం లేదు. స్వాబ్ రెండు టాన్సిల్స్‌నూ, గొంతు వెనక గోడనూ తాకాలి, నాలుకకూ బుగ్గకూ తగలకూడదు. యాంటీబయాటిక్ మొదటి డోసు పడక ముందే తీయాలి. నాలుగు డోసులు వేసుకుని స్వాబ్ ఇస్తే క్రిమి దొరకదు, ‘ఏమీ లేదు’ అని వచ్చిన కాగితం చూసి మందు ఆపేస్తారు. కల్చర్ అందుబాటులో లేని చోట, పైన చెప్పిన లక్షణాలు గట్టిగా ఉంటే డాక్టర్లు పరీక్ష లేకుండానే మందు మొదలుపెడతారు. మన ప్రాంతంలో అది సబబే.

ఏఎస్ఓ టైటర్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల జరిగే అనర్థం చిన్నది కాదు. ఆ రక్తపరీక్ష చెప్పేది ఒక్కటే: ఈ మధ్య ఎప్పుడో స్ట్రెప్ ఒంట్లోకి వచ్చి వెళ్లిందని. ఇప్పుడు గొంతులో ఉందా అన్నది అది చెప్పదు. ఇన్ఫెక్షన్ తర్వాత మూడు నుంచి ఐదు వారాలకు అది పైకి ఎక్కి, నెలల తరబడి అలాగే ఉంటుంది. బడి వయసు పిల్లల్లో 200 దాటడం చాలా మామూలు. కాళ్లు నొప్పులని తీసుకెళితే ఏఎస్ఓ 400 వచ్చిందని, కీలు వాపు లేకుండా, గుండెకు స్కానింగ్ లాంటి ఎకో పరీక్ష తీయకుండా, నెలనెలా పెనిసిలిన్ పొడిపించుకుంటున్న పిల్లలు ఎందరో. అంకె ఒక్కటే చూసి ఏళ్ల తరబడి ఇంజెక్షన్లు రాస్తే, రెండో డాక్టరును అడగడం తల్లిదండ్రుల హక్కు.

తొమ్మిది రోజుల గడువు, పది రోజుల కోర్సు

అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రంలోని వారెన్ వైమానిక స్థావరంలో 1950 ప్రాంతంలో సైనికులకు స్ట్రెప్ గొంతు నొప్పులు గుంపులుగా వచ్చాయి. అక్కడ జరిపిన పరిశీలనల్లో, మందు పడని వారిలో నూటికి సుమారు ముగ్గురికి రుమాటిక్ ఫీవర్ వస్తే, పెనిసిలిన్ పడిన వారిలో అది పదో వంతుకు పడిపోయింది. చికిత్స తొమ్మిదో రోజుకు మొదలైనా రక్షణ దొరికిందని తేలింది. నేటికీ వాడే గడువుకు మూలం అదే. ‘నాలుగు రోజులైంది, ఇంకేం లాభం’ అనే మాటకు అర్థం లేదు. ఆరో రోజైనా, ఎనిమిదో రోజైనా మొదలుపెట్టాల్సిందే.

మొదటి మందు ఇప్పటికీ పెనిసిలిన్ కుటుంబమే. ఇన్నేళ్లు వాడినా ఈ క్రిమి పెనిసిలిన్‌కు లొంగకపోవడమన్నది జరగలేదు. నోటి మందుగా అమోక్సిసిలిన్ కిలో బరువుకు 50 మిల్లీగ్రాములు, రోజుకు 1000 మించకుండా, ఒకేసారి లేదా రెండు భాగాలుగా, 10 రోజులు. పెనిసిలిన్ వి అయితే 27 కిలోల లోపు వారికి 250, ఆపైన 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండు మూడుసార్లు, ఇదీ 10 రోజులే. డోసు రాయాల్సింది డాక్టరే. రాసిన చీటీ బరువుకు సరిపోయిందా, పది రోజులకు ఉందా అని చూసుకోవడం ఇంట్లోవాళ్ల పని.

కోర్సు మధ్యలో ఆగడానికి పిల్లల మొండితనం కారణమనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం సీసా. 16 కిలోల పిల్లవాడిని తీసుకోండి. రోజుకు 800 మిల్లీగ్రాముల అమోక్సిసిలిన్ కావాలి. 5 మిల్లీలీటర్లకు 250 ఉన్న డ్రై సిరప్ అయితే రోజుకు 16 మిల్లీలీటర్లు, పది రోజులకు 160. కొన్న సీసా 60 మిల్లీలీటర్లది. నాలుగో రోజుకే అయిపోతుంది. అప్పటికి జ్వరం లేదు, గొంతు నొప్పి లేదు, సీసా కూడా ఖాళీ. కోర్సు పూర్తయిందని అందరూ నిజాయితీగానే నమ్ముతారు. సిరప్ 125దైతే రెండో రోజే సీసా అయిపోతుంది. అందుకే ‘ఎన్ని రోజులు’ అని కాదు, ‘మొత్తం ఎన్ని సీసాలు’ అని షాపులోనే అడిగి కొనండి. ఇంకో సంగతి, నీళ్లు కలిపిన సిరప్‌ను చాలావరకు వారం మించి వాడకూడదు. లేబుల్ చూసి ఒక్కొక్క సీసానే కలుపుకోండి. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి, బాగా ఊపి, నురగ దిగాక మళ్లీ గీత దాకా నింపాలి. మొదటిసారి నురగ చూసి ఆపేస్తే మందు చిక్కగా మిగిలి డోసు మారుతుంది. కొలతకు మూత గ్లాసు గానీ సూది లేని సిరంజి గానీ వాడండి. వంటింటి స్పూన్లు ఏ రెండూ ఒకే కొలత కావు.

ఆరేడేళ్లు దాటిన పిల్లలకు నీళ్లలో కరిగే బిళ్లలు సులువు. 20 కిలోల బిడ్డకు అమోక్సిసిలిన్ 250 మిల్లీగ్రాముల బిళ్లలు పొద్దున రెండు, రాత్రి రెండు. పది రోజులకు 40, అంటే పది బిళ్లల స్ట్రిప్పులు నాలుగు. నాలుగూ ఒకేసారి తెచ్చి పెట్టుకోండి. గోడ క్యాలెండర్‌లో పది గడులకు చుట్టూ గీసి, రాత్రి డోసు పడ్డాక కొట్టేయండి.

గొంతు నొప్పి అనగానే అజిత్రోమైసిన్ మూడు బిళ్లల స్ట్రిప్ చేతిలో పెట్టే మెడికల్ షాపులు మన దగ్గర వీధికొకటి. అది పెనిసిలిన్ పడని పిల్లల కోసం దాచుకోవాల్సిన మందు. కొన్ని స్ట్రెప్ రకాలు దానికి లొంగవు. వాడాల్సి వచ్చినా స్ట్రెప్‌కు కిలోకు 12 మిల్లీగ్రాములు, రోజుకు 500 మించకుండా, ఐదు రోజులు కావాలి. పెనిసిలిన్‌తో ఒంటి మీద చిన్న దద్దు మాత్రమే వచ్చిన పిల్లలకు సెఫలెక్సిన్ పది రోజులు ఇస్తారు. ముఖం వాచి, ఊపిరాడని చరిత్ర ఉంటే అదీ వద్దు. కోట్రైమాక్సజోల్, డాక్సీసైక్లిన్, ఓఫ్లాక్సాసిన్ లాంటివి గొంతు స్ట్రెప్‌కు పనికిరావు.

నొప్పికి పారాసిటమాల్, గోరువెచ్చని ఉప్పునీళ్ల పుక్కిలింత, పసుపు పాలు, అన్నీ మంచివే. గొంతుకు హాయి. గుండెకు రక్షణ మాత్రం వాటిలో లేదు. పిల్లలకు ఆస్పిరిన్ సొంతంగా వేయొద్దు.

కోర్సు నడవదని ముందే తెలిస్తే, అంటే కూలికి పొద్దున్నే వెళ్లిపోయే ఇల్లు, చూసేవాళ్లు లేని పిల్ల, అలాంటి చోట ఒకే ఒక్క బెంజథీన్ పెనిసిలిన్ ఇంజెక్షన్ పది రోజుల పని చేసిపెడుతుంది. 27 కిలోల లోపు 6 లక్షల యూనిట్లు, ఆపైన 12 లక్షలు. నొప్పి ఎక్కువే, కాని మరిచిపోయే వీలు లేదు.

యాంటీబయాటిక్ మొదలై ఒక పూర్తి రోజు గడిచి, జ్వరం లేకపోతే బడికి పంపొచ్చు. అప్పటికి ఇతరులకు అంటించే గుణం దాదాపు పోతుంది. కోర్సు అయ్యాక, లక్షణాలేవీ లేని బిడ్డకు మళ్లీ స్వాబ్ తీయాల్సిన పనిలేదు. ఆరోగ్యంగా తిరిగే పిల్లల్లోనూ కొందరి గొంతులో ఈ క్రిమి ఊరికే కాపురముంటుంది. వాళ్లకు జబ్బు రాదు, ఇతరులకూ పెద్దగా అంటదు. క్లాసు మొత్తానికి స్వాబ్‌లు తీయించి అందరికీ మందు పోయడం డబ్బు దండగ.

చర్మం దారి: గజ్జి, పుండ్లు, కిడ్నీ

గొంతు ఒక దారి అయితే చర్మం రెండోది. దోమకాటు గోకి, గజ్జి గోకి, అక్కడ చిన్న పొక్కు లేచి, చితికి, తేనె రంగు పక్కు కడుతుంది. దాన్ని ఇంపెటిగో అంటారు. ఈ దారిన వచ్చే స్ట్రెప్ ముఖ్యంగా కిడ్నీల వాపు తెస్తుంది. గొంతు నొప్పి తర్వాత సుమారు 10 రోజులకు, చర్మం పుండ్ల తర్వాత మూడు నుంచి ఆరు వారాలకు అది బయటపడుతుంది. ఒక నిజం ఒప్పుకోవాలి. యాంటీబయాటిక్ రుమాటిక్ ఫీవర్‌ను ఆపినంత నమ్మకంగా కిడ్నీ వాపును ఆపదు. కాని ఆ క్రిమి పక్క మంచం పిల్లకు పాకకుండా ఆపుతుంది. ఇక్కడ అసలు నివారణ అంటే గజ్జిని, పుండ్లను మొదట్లోనే తుడిచిపెట్టడం.

పక్కు గట్టిగా ఉంటే గోరువెచ్చని సబ్బునీళ్లలో తడిపిన గుడ్డ ఐదు నిమిషాలు వేసి మెత్తబరచి తీయండి. పక్కు మీదే మందు రాస్తే లోపలికి దిగదు. నాలుగైదు పుండ్లయితే మ్యుపిరోసిన్ 2 శాతం ఆయింట్‌మెంట్ రోజుకు రెండు మూడుసార్లు, ఐదు రోజులు. అంతకు మించి ఉంటే, జ్వరం ఉంటే నోటి మందు కావాలి. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ అన్నీ కలిపేసిన ట్యూబులు షాపుల్లో ఉంటాయి. రెండు రోజులు దురద తగ్గినట్టు చేసి, లోపల క్రిమిని పెంచుతాయి. వాటి జోలికి పోవద్దు.

కింద గజ్జి ఉంటే పుండ్లు ఎన్నిసార్లు మాన్పినా మళ్లీ వస్తాయి. పర్మెత్రిన్ 5 శాతం మందు రాత్రి పడుకోబోయే ముందు, పొడి ఒంటికి, మెడ నుంచి పాదాల దాకా రాయాలి. వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు, బొడ్డు, నడుము, చంకలు, ఏదీ వదలకూడదు. 8 నుంచి 12 గంటలుంచి పొద్దున స్నానం. రాత్రి చేతులు కడుక్కుంటే మళ్లీ రాయాలి. వారం తర్వాత రెండోసారి. ఇంట్లో, హాస్టల్ గదిలో ఉన్న అందరూ అదే రాత్రి రాసుకోవాలి. ఒక్కరు మిగిలినా అంతా మళ్లీ మొదటికే. అప్పటిదాకా కట్టుకున్న బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి, ఉతకలేనివి మూడు నాలుగు రోజులు సంచిలో బిగించి కట్టి పెట్టండి. పురుగు చచ్చినా దురద రెండు మూడు వారాలు ఉంటుంది. మందు పనిచేయలేదనుకుని రోజూ రాస్తే చర్మం మండిపోతుంది.

కిడ్నీ వాపు మొదట కనురెప్పల్లో కనిపిస్తుంది. పొద్దున లేవగానే ముఖం ఉబ్బి, మధ్యాహ్నానికి కాస్త తగ్గుతుంది. నిద్ర ఎక్కువైందనో, పురుగు కుట్టిందనో అనుకుంటారు. సాయంత్రం సాక్సు విప్పితే గాడి పడుతుంది. మూత్రం తగ్గి, డికాషన్ రంగులోనో మాంసం కడిగిన నీళ్లలానో ఉంటుంది. హాస్టల్ పిల్లలు ఈ మాట సిగ్గుపడి చెప్పరు, అడగాలి. ముఖం ఉబ్బిన ప్రతి బిడ్డకూ అదే రోజు మూత్ర పరీక్ష, బీపీ తప్పనిసరి. ఇక్కడ ప్రాణాంతకమైనది బీపీ. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్ అన్నీ దాని పనే. బీపీ పట్టీ పిల్లల సైజుది కావాలి. పెద్దవాళ్ల పట్టీ చుడితే బీపీ నిజానికంటే తక్కువ చూపించి మోసం చేస్తుంది.

వాపు, బీపీ ఉన్నన్నాళ్లు ఉప్పు బాగా తగ్గించాలి. కూరలో ఉప్పు తగ్గించి, పక్కనే ఆవకాయ వేస్తే ఏం తగ్గించినట్టు? ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, మజ్జిగ మిరపకాయలు, చిప్స్, అన్నీ ఆపాలి. నీళ్లు ఎన్ని తాగాలో డాక్టరు చెప్పిన లెక్కే. ‘వేడి చేసింది, నీళ్లు ఎక్కువ తాగించండి’ అన్న సలహా ఈ జబ్బులో ఎదురు తిరుగుతుంది. పిల్లల్లో ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు. రక్తంలో తగ్గిన సీ3 అనే రక్షణ ప్రోటీన్ ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మామూలుకు రావాలి, రాకపోతే కిడ్నీ డాక్టరు చూడాలి. ఈ జబ్బు మళ్లీ రావడం అరుదు కాబట్టి దీనికి నెలనెలా పెనిసిలిన్ అక్కర్లేదు. రుమాటిక్ ఫీవర్‌తో కలిపేసి ఇచ్చేవాళ్లున్నారు కనుక ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

రుమాటిక్ ఫీవర్ ఎలా తలుపు తడుతుంది

గొంతు నొప్పి వచ్చిన తేదీ క్యాలెండర్‌లో రాసి ఉంచితే, తర్వాతి ఐదు వారాలు ఏ కీలు నొప్పినైనా ఆ తేదీతో కలిపి చూడొచ్చు.

ఈ కీలు నొప్పికి ఒక తీరుంది. మోకాలు, చీలమండ, మోచేయి, మణికట్టు లాంటి పెద్ద కీళ్లలో వస్తుంది. ఇవాళ ఈ మోకాలు, ఎల్లుండికి అది తగ్గి చీలమండ. దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. ఎదిగే పిల్లలకు రాత్రిళ్లు రెండు కాళ్ల పిక్కలు లాగి, పొద్దునకు మామూలైపోయే నొప్పులు వేరు, వాటిలో కీలు వాపు ఉండదు. అనుమానం ఉంటే డాక్టరు చూసేదాకా పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఇవ్వొద్దు. ఒక్క డైక్లోఫెనాక్ ఇంజెక్షన్‌తో వాపు మాయమవుతుంది, నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకు తిరిగిన ఆనవాలు పోతుంది, జబ్బుకు పేరు పెట్టడం కష్టమవుతుంది. ఆర్ఎంపీ దగ్గర ‘ఒక్క సూదితో తగ్గింది’ అని ఇంటికొచ్చిన పిల్లల్లో గుండె వాపు మౌనంగా నడుస్తూనే ఉంటుంది.

గుండె వాపు ఉంటే మెట్లెక్కుతూ ఆగుతాడు, ఆటలో వెనకబడతాడు, పడుకుంటే ఆయాసమని రెండు దిండ్లు అడుగుతాడు, నిద్రలో కూడా నాడి వేగంగా కొట్టుకుంటుంది. ఒక్కోసారి ఈ గుర్తులేవీ ఉండవు. స్టెతస్కోప్‌కు అందనిది ఎకోలో దొరుకుతుంది. అందుకే రుమాటిక్ ఫీవర్ అనుమానించిన ప్రతి బిడ్డకూ ఎకో తీయాలి.

ఇక టీచర్లు మాత్రమే పట్టుకోగలిగిన లక్షణం ఒకటుంది. గొంతు నొప్పి వచ్చిన ఒకటి నుంచి ఆరు నెలలకు, ఎక్కువగా ఆడపిల్లల్లో, చేతులూ ముఖమూ వాటంతటవే కదలడం మొదలవుతుంది. దీన్ని కొరియా అంటారు. అన్నం కంచం జారుతుంది, గుండీ పెట్టుకోలేదు, మొహం వెక్కిరిస్తున్నట్టు వంకర్లు పోతుంది, ఊరికే ఏడుస్తుంది. తరగతిలో దీనికి దక్కేది తిట్లు. అల్లరి, పొగరు, శ్రద్ధ లేదు అంటారు. కాపీ పుస్తకం తీసి రెండు నెలల కిందటి పేజీ, ఈ వారం పేజీ పక్కపక్కన పెట్టండి. గుండ్రంగా ఉన్న అక్షరాలు గీత దాటి చెల్లాచెదురైపోతే అది అశ్రద్ధ కాదు. నాలుక బయటపెట్టి పది లెక్కపెట్టేదాకా ఉంచమనండి, నిలపలేదు, లోపలికి లాగేసుకుంటుంది. మీ రెండు వేళ్లు గట్టిగా పట్టుకోమనండి, పాలు పితికినట్టు పట్టు బిగుస్తూ సడలుతూ ఉంటుంది. నిద్రలో ఈ కదలికలన్నీ ఆగిపోతాయి. ఇలాంటి బిడ్డకు కీలు నొప్పి చరిత్ర లేకపోయినా గుండె చూపించాలి.

ఇరవై ఒక్క రోజులు

ఒకసారి రుమాటిక్ ఫీవర్ వస్తే, తర్వాత వచ్చే ప్రతి స్ట్రెప్ గొంతు నొప్పీ దాన్ని మళ్లీ రేపుతుంది, ప్రతిసారీ కవాటం ఇంకాస్త చెడుతుంది. అందుకే గొంతు నొప్పి వచ్చేదాకా ఆగకుండా ముందే బెంజథీన్ పెనిసిలిన్ ఇంజెక్షన్ వేసి ఉంచుతారు. గుండెకు తగలని వారికి కనీసం ఐదేళ్లు లేదా 18 ఏళ్ల వయసు దాకా, తగిలి మానిన వారికి పదేళ్లు లేదా 25 ఏళ్ల దాకా, రెంటిలో ఏది ఎక్కువైతే అది. కవాటం గట్టిగా చెడిన వారికి 40 ఏళ్ల దాకా లేదా జీవితాంతం. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరే చెప్పాలి. కవాటం ఆపరేషన్ అయినా, టాన్సిల్స్ తీయించినా ఇంజెక్షన్ ఆగదు.

‘నెలకోసారి’ అన్న మాటను ఇంట్లోంచి తీసేయండి. నెలకోసారి అంటే 5వ తేదీ నుంచి 5వ తేదీకి 30, 31 రోజులు. మందు శక్తి మూడో వారం నుంచే సన్నగిల్లుతుంది, చివరి రోజుల్లో బిడ్డకు కాపు లేనట్టే. 21 రోజులంటే సరిగ్గా మూడు వారాలు, కాబట్టి వారం ఎప్పుడూ మారదు. శుక్రవారం మొదలుపెడితే ప్రతి మూడో శుక్రవారం. ఏడాదికి 17 ఇంజెక్షన్లు. రెండు రోజులు ముందైనా పరవాలేదు, ఆలస్యం కాకూడదు.

తప్పేది ఎక్కువగా మూడు చోట్ల: దసరా, సంక్రాంతి, వేసవి సెలవులకు బిడ్డ ఊరు మారినప్పుడు, షాపులో మందు దొరకనప్పుడు, సూదికి భయపడి ఏడ్చినప్పుడు. సెలవులకు ముందే తర్వాతి తేదీ ఎక్కడ పడుతుందో చూసి, ఆ ఊరి పీహెచ్‌సీలో వేయించేలా చీటీ రాయించుకోండి. ఒక డోసు మందు ఎప్పుడూ ముందే కొని ఉంచండి. ఎంత వెతికినా దొరకకపోతే ఖాళీగా ఉంచకుండా, దొరికేదాకా పెనిసిలిన్ వి 250 మిల్లీగ్రాముల బిళ్ల రోజుకు రెండుసార్లు వేయించమని డాక్టరును అడగండి.

సూది నొప్పిని తగ్గించడం నర్సమ్మ చేతిలో చాలా ఉంది. పొడిలో లేబుల్ చెప్పినన్ని నీళ్లు కలిపి, నురగ రాకుండా చేతుల మధ్య దొర్లించి, గది వేడికి తెచ్చి, 21 గేజ్ సూదితో, కండ లోతుకు, రెండు మూడు నిమిషాలు తీసుకుని మెల్లగా ఎక్కించాలి. సన్నటి సూదిలో ఈ మందు గడ్డకట్టి ఇరుక్కుంటుంది. అప్పుడు గట్టిగా నొక్కితే బిడ్డకు నరకం, రెండో పోటు తప్పదు. కలిపాక సిరంజిలో పెట్టుకుని మాటల్లో పడినా అదే జరుగుతుంది. డాక్టరు అనుమతిస్తే మొద్దుబార్చే మందు లిగ్నోకైన్ కొద్దిగా కలపొచ్చు. రక్తనాళంలోకి మాత్రం ఎప్పటికీ పోకూడదు, ప్రాణం తీస్తుంది.

బిడ్డ ఖాళీ కడుపుతో రాకూడదు, పడుకోబెట్టే వేయాలి, తర్వాత అరగంట అక్కడే ఉండాలి. కళ్లు తిరిగి పడిపోవడం చాలాసార్లు భయం వల్ల. ముఖం పాలిపోతుంది, నాడి నెమ్మదిస్తుంది, పడుకోబెట్టి కాళ్లెత్తితే తేరుకుంటారు. దద్దుర్లు, పెదవుల వాపు, పిల్లికూతలు, వేగంగా కొట్టుకునే నాడి ఉంటే అది అసలైన రియాక్షన్. వెంటనే తొడ బయటి వైపు కండలో, రియాక్షన్‌ను ఆపే అడ్రినలిన్ ఇంజెక్షన్ వేయాలి, 1 మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రామున్నది, కిలోకు 0.01 మిల్లీలీటరు. 20 కిలోలకు 0.2. ఐదు నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ. ఇది చాలా అరుదు, కాని టెస్ట్ డోసు నెగెటివ్ వచ్చిందని అడ్రినలిన్ తాళం వేసిన బీరువాలో ఉంచే గదిలో పెనిసిలిన్ వేయించుకోవద్దు. కవాటాలు బాగా చెడి, ఆయాసంతో ఉన్న పిల్లల్లో ఇంజెక్షన్ తర్వాత కుప్పకూలడం అలర్జీ వల్ల కాక బలహీనమైన గుండె వల్ల కూడా జరుగుతుంది. అలాంటి వారికి నోటి మందే మేలేమో గుండె డాక్టరును అడగాలి.

బడిలో, హాస్టల్లో

గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, ఆశ్రమ పాఠశాలల్లో ఒకే హాలులో పదుల మంది పడుకుంటారు. ఈ క్రిమి పాకేది దగ్గరి ఊపిరి తుంపర్ల మీదే. పడకల మధ్య మూడడుగుల ఎడం పెట్టండి. అది కుదరకపోతే ఒకరి తల దగ్గర ఇంకొకరి కాళ్లు వచ్చేలా పడుకోబెట్టండి. ఖర్చు లేని పని. నీళ్ల గ్లాసు, తువ్వాలు, దువ్వెన ఎవరివి వారికి. గోళ్లు వారానికోసారి.

వార్డెన్ బల్ల మీద ఒక నోటుబుక్కు చాలు. తేదీ, పేరు, గొంతు నొప్పి, జ్వరం, పుండ్లు, మందు ఏ రోజు మొదలైంది, ఏ రోజుతో పది పూర్తవుతుంది. ఒకే గదిలో వారంలో ఇద్దరు ముగ్గురికి జ్వరంతో గొంతు నొప్పి వస్తే పీహెచ్‌సీకి ఫోన్ చేయాలి. మందు బిళ్లలు పిల్లల పెట్టెలో కాక ఏఎన్ఎం దగ్గరో వార్డెన్ దగ్గరో ఉండాలి, ఎదురుగా మింగించాలి. 21 రోజులకోసారి ఇంజెక్షన్ వేయించుకునే పిల్లల పేర్లు విడి పేజీలో, పక్కన తర్వాతి తేదీతో. అదే పేజీలో వారి గొంతు నొప్పులు, ఇంట్లో అన్నదమ్ముల గొంతు నొప్పులు ఆలస్యం లేకుండా చూపించాలన్న గుర్తు రాయండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే డాక్టర్ల బృందం చూడాల్సిన జబ్బుల్లో రుమాటిక్ గుండె జబ్బు కూడా ఉంది. వాళ్లు వచ్చిన రోజున ఆ నోటుబుక్కు ముందు పెట్టండి.

ఒక్కరోజు కూడా ఆగకూడనివి కొన్ని. ఒక పక్కకే గొంతు వాచి నోరు తెరవలేకపోవడం, మాట ముద్దగా రావడం టాన్సిల్ పక్కన చీము గడ్డ. చెవి వెనక ఎర్రటి వాపు. చిన్న గాయం చుట్టూ, పైకి కనిపించేదానికి పొంతన లేనంత నొప్పి, గంటగంటకూ పాకే ఎరుపు, అందులోనూ ఆటలమ్మ పోసిన బిడ్డలో. జ్వరంతో పాటు ఒంట్లో మత్తు, చేతులు కాళ్లు చల్లబడటం. ముఖం ఉబ్బిన బిడ్డకు ఫిట్స్. వీటికి 108 పిలవాలి, పొద్దున చూద్దామనుకోవద్దు.

ఆడపిల్లల కాగితాల గురించి చివరగా ఒక మాట. పెళ్లి సంబంధాలకు అడ్డమని పదహారు పదిహేడేళ్లకు ఇంజెక్షన్లు ఆపేసి, ఫైలు దాచేసే ఇళ్లున్నాయి. కవాటం సన్నబడిన అమ్మాయికి గర్భం నిండేకొద్దీ గుండె మీద బరువు పెరుగుతుంది. అప్పటిదాకా లేని ఆయాసం ఆరో నెలలో, కాన్పులో ముంచుకొస్తుంది. ఎకో రిపోర్టు, మొదటి డిశ్చార్జి కాగితం, ఇంజెక్షన్ కార్డు మూడూ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆమె చేతికే ఇవ్వండి. ఏ ఊరికి కాపురానికి వెళ్లినా అక్కడి డాక్టరుకు మొదట చూపాల్సినవి అవే.